రబ్బరు పిడి తుపాకి తన్నును మింగేస్తుందా?

డాలస్ దగ్గర గ్యాస్ స్టేషన్ నడుపుతున్న ఒక తెలుగాయన అడిగారు. నడుముకు పెట్టుకునే చిన్న రివాల్వర్‌కి చెక్క పిడి మంచిదా, రబ్బరు పిడి మంచిదా అని. పేల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నే షాక్ మొత్తాన్ని రబ్బరైతే లాగేసుకుంటుందని షాపులో చెప్పారట. తుపాకి ఉండాలా వద్దా అన్న చర్చ ఇక్కడ వద్దు. మన దేశంలో అయితే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు చేతికి వచ్చేదాకా ఈ పిడి గొడవే రాదు. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది ఆ షాపువాళ్ళ ధీమా.

మన బడి పుస్తకాల్లో ఒక లెక్క ఉంటుంది. 2 కిలోల పిస్తోలు, 20 గ్రాముల తూటా, వేగం సెకనుకు 150 మీటర్లు. పిస్తోలు ఎంత వేగంతో వెనక్కి వస్తుంది? సెకనుకు 1.5 మీటర్లు అని రాసి కింద రెండు గీతలు కొట్టేస్తాం. అలా వెనక్కొచ్చేదాన్ని ఆపేది ఎవరు, ఎంత దూరంలో ఆపుతారు అని ఏ మాస్టారూ అడగరు. అసలు కథ అక్కడే మొదలవుతుంది.

పైగా 2 కిలోల పిస్తోలు ఎవడు మోస్తాడు? స్మిత్ అండ్ వెసన్ వాళ్ళు 1950లో తెచ్చిన ‘చీఫ్స్ స్పెషల్’ అయిదు గుళ్ళ రివాల్వర్. ఉక్కుది సుమారు 550 గ్రాములు, అల్యూమినియం ఫ్రేమ్ ఉన్న దాని తమ్ముళ్ళు 425 గ్రాముల దాకా. వీటిలో వాడే .38 స్పెషల్ తూటా 10 గ్రాముల పైచిలుకు. రెండంగుళాల గొట్టంలోంచి సెకనుకు 230 మీటర్ల వేగంతో పోయిందనుకుందాం. వెనకాలే బుస్సుమని వచ్చే మందు పొగ వాటా కూడా కలిపితే ద్రవ్యవేగం 2.7 కిలోగ్రామ్-మీటర్/సెకను అవుతుంది. తేలికపాటి రివాల్వర్ సెకనుకు ఆరు మీటర్లకు పైగా వేగంతో అరచేతి మీదికి వస్తుంది. ఆ వేగం దానికి అందేది మిల్లీసెకను అటూ ఇటూగా.

ఈ 2.7ను రబ్బరు తగ్గించలేదు. చెక్కైనా, రబ్బరైనా, బంగారమైనా ద్రవ్యవేగం అంతా చేతికి చేరాల్సిందే. తేడా ఎంతసేపట్లో, ఎంత మేర చర్మం మీద చేరుతుందన్న దగ్గరే. రివాల్వర్‌లో ఉన్న శక్తి 9 జౌళ్ళకు కాస్త తక్కువ. మూడు మిల్లీమీటర్లు అణిగే రబ్బరు ఒక్కటే దాన్ని ఆపాలంటే దాదాపు 300 కిలోల బరువంత బలం కావాలి. అంత బలానికి రబ్బరు అణిగిపోయి రాయిలా మిగులుతుంది. నిజంగా ఆపేది మణికట్టు, మోచెయ్యి. అవి ఆరేడు సెంటీమీటర్లు వెనక్కి ఇస్తాయి కాబట్టి బలం పదిహేను కిలోల దగ్గరికి దిగుతుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే, కానీ ఎవరి వాటా ఎంతో తెలుస్తుంది.

మరి రబ్బరు చేసేదేమిటి? గుంత తవ్వుతుంటే గడ్డపార మట్టిలోని రాయికి ఖంగుమని తగిలి చేతులు జివ్వుమనడం తెలిసినవాళ్ళకి ఇది సులువుగా అర్థమవుతుంది. గడ్డపార ఎగిరిపడటం వేరు, ఆ జివ్వు వేరు. పట్టుకునే చోట గోనెపట్టా చుడితే ఎగిరిపడటం ఏమీ తగ్గదు, జివ్వు తగ్గుతుంది. మొదటి మిల్లీసెకనులో వచ్చే ఆ పదునైన పోటును పట్టా కాస్త మొద్దుబారుస్తుంది, బిగుసుకున్న నాలుగు వేళ్ళ మీద పడేదాన్ని అరచెయ్యంతా పరుస్తుంది. అయితే పట్టా సరిగ్గా చెయ్యి పడే చోటే ఉండాలి. జానెడు కింద చుడితే ఎంత మందంగా చుట్టీ లాభం లేదు.

పాత చెక్క పిళ్ళ లోపం సరిగ్గా ఇదే. రెండు చెక్కముక్కలు పక్కల బిగిస్తారు. వెనక వీపు దగ్గర ఫ్రేమ్ ఇనుము బయటికే ఉంటుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పలచటి చర్మాన్ని గుద్దేది ఆ సన్నటి ఇనుప పట్టీయే. తిట్లు మాత్రం చెక్కకు. వీపును కప్పని రబ్బరు పిళ్ళూ ఉన్నాయి. వాటితో కూడా అదే మంట. 2009లో రూగర్ కంపెనీ తెచ్చిన ఎల్‌సీఆర్ అనే చిన్న రివాల్వర్‌లో పిడి లోపల ఫ్రేమ్‌ని సన్నటి మేకులా కుదించేశారు, అందుకే వెనకవైపు మందమైన మెత్తకి చోటు దొరికింది. అది 400 గ్రాములు కూడా ఉండదు, అయినా దాని తన్ను ఓర్చుకోవచ్చని పేరు.

చెక్కకు ప్రాణం ఉంటుంది, చేతికి ఒదుగుతుంది అనేవాళ్ళున్నారు. పిడికి వాడే వాల్‌నట్ చెక్క ఒదగదు, ఒదిగేది అరచెయ్యి. కానీ నున్నటి చెక్క మరో పని చేస్తుంది. గొట్టం చేతికి పైన ఉంటుంది కాబట్టి తన్ను వెనక్కే కాదు, మూతిని పైకి కూడా తిప్పుతుంది. 1873 నాటి కోల్ట్ రివాల్వర్ పిడి నాగలి మేడిలా వంగి ఉంటుంది, పేలగానే చేతిలో పైకి దొర్లుతుంది. ఆ దొర్లడమే ఆగే దూరాన్ని పెంచి పోటును తగ్గిస్తుంది. పైగా ప్రతిసారీ వెనక్కి లాగాల్సిన హ్యామర్‌కి (తూటాను పేల్చే చిన్న సుత్తికి) బొటనవేలు అందుతుంది. ట్రిగ్గర్ ఒక్కటే నొక్కుతూ పోయే చిన్న రివాల్వర్‌లో మాత్రం ఇది తలనొప్పి: ప్రతి దెబ్బకీ పట్టు మళ్ళీ సర్దుకోవాలి. రబ్బరు దొర్లనివ్వదు.

ఈ అంటుకునే గుణం రెండువైపులా పనిచేస్తుంది. చెక్క గరుకుల మీద గరుకులా ఆనుతుంది; రబ్బరు అవతలి వస్తువు సందుల్లోకి దిగి కరుచుకుంటుంది, మెల్లగా నొక్కినా చాలు. చొక్కా కింద పెట్టుకుంటే బట్ట దానికి పట్టుకుని పైకి లేచి, లోపల ఏముందో బయటికి చెబుతుంది. జేబులోంచి తీస్తే అస్తరు కూడా వెంట వస్తుంది. నున్నటి చెక్క జారిపోతుంది. వజ్రం గళ్ళు లోతుగా చెక్కిన చెక్క చేతిలో బాగా నిలుస్తుంది, కానీ పదునుగా ఉంటే అదీ అస్తరును గీకుతుంది.

కొందరు రెండూ కొంటారు. పిడి మార్చడానికి ఒక పిన్ను, ఒక స్క్రూ అంతే కాబట్టి ప్రాక్టీసుకి రబ్బరు, మోసేటప్పుడు చెక్క. నాకు నచ్చదు. పిడి మందం మారితే ట్రిగ్గర్‌కి వేలు అందే దూరం మారుతుంది, చెయ్యి నేర్చుకున్నది పనికిరాకుండా పోతుంది.

డాలస్ ఆయనకి నా జవాబు: తేలిక ఫ్రేమ్ అయి, బెల్టుకి ఒరలో పెట్టుకునేదైతే వీపును కప్పే పొట్టి రబ్బరు. జేబులోదైతే నున్నటి చెక్కే, కానీ ట్రిగ్గర్ గార్డు (ట్రిగ్గర్ చుట్టూ ఉండే వంపు కమ్మీ) వెనక సందును పూడ్చేదిగా, చిటికెన వేలికి చోటు ఉందో లేదో చేతిలో పట్టుకుని చూశాకే.