భోగి మంటలో ఫ్లెక్సీ ఎందుకు వద్దన్నానంటే

చిన్నోడికీ పాపకూ,

పోయిన భోగికి చీకటితోనే లేచి మీరిద్దరూ చిరిగిన ఫ్లెక్సీ ఒకటి, సైకిల్ టైరు ఒకటి మంట దగ్గరికి ఈడ్చుకొస్తుంటే కేకలేశాను. మీరు అలిగి పలక డప్పులు కొట్టడం మానేశారు. ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినదాన్ని, మీకు మాత్రం తిట్లే చెప్పాను. అందుకే ఈ ఉత్తరం.

రొమ్ము ఎముక వెనకాల, గుండెకు కాస్త పైన థైమస్ అనే మెత్తటి గ్రంథి ఉంటుంది. మీ ఒంట్లో బాగా పెద్దది. నా వయసుకు చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. చాలాకాలం అదెందుకుందో ఎవరికీ అంతుపట్టలేదు. 1961లో జాక్ మిల్లర్ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో దాన్ని తీసేసి చూశాడు. అవి జబ్బులకు తట్టుకోలేకపోయాయి. వేరే ఎలుక చర్మం అతికించినా పరాయిదని గుర్తుపట్టలేకపోయాయి.

అలిపిరి చెక్‌పోస్టులో బ్యాగులన్నీ విప్పి చూస్తారు కదా, థైమస్‌లోనూ అట్లాంటి తనిఖీయే. కాకపోతే ఇక్కడ పట్టుబడితే వెనక్కి పంపరు, ప్రాణమే పోతుంది. ఎముక మజ్జలో పుట్టిన లేత కణాలు ఇక్కడికొస్తాయి. మన ఒంటి గుర్తులు చదవలేనివి మొదటే చచ్చిపోతాయి. చదవగలిగినా మన సొంత కణాల మీదికే ఎగబడేవాటిని తర్వాత ఏరేస్తారు. నూటికి తొంభై ఐదుకు పైగా బయటికే రావు. గట్టెక్కినవే జబ్బులతో పోరాడే టి కణాలు. ఇంగ్లీషులో థైమస్ మొదటి అక్షరమే వాటి పేరు.

ఇప్పుడు ఫ్లెక్సీ సంగతి. అది పీవీసీ అనే ప్లాస్టిక్, అందులో క్లోరిన్ ఉంటుంది. వీధి మంటలో సరిగా కాలక డయాక్సిన్లు అనే విష రసాయనాలు పుడతాయి. మన కణాల్లో ఇలాంటి రసాయనాలను పసిగట్టే తాళం లాంటి ప్రొటీన్ ఒకటి ఉంది. టైరు మసిలోని రసాయనాలు కూడా ఆ తాళాన్ని కదిలిస్తాయి గానీ వాటిని ఒళ్లు తొందరగానే విరగ్గొట్టుకుంటుంది. డయాక్సిన్ అట్లా కాదు, తాళం తిప్పుతూనే ఉంటుంది. ప్రయోగశాల ఎలుకల్లో దానివల్ల థైమస్ కుంచించుకుపోయింది, కణాల తయారీ తగ్గింది.

పొగ పక్కకు పోయాక పీడ వదిలిందనుకోకండి. మసి గడ్డి మీద పడుతుంది, గడ్డి ఆవు తింటుంది, ఆ విషం పాలకొవ్వులో చేరుతుంది. మన చిత్తూరు వైపు పాడి లేని ఊరు చూపించండి! మన ఒంట్లోకి వస్తే సగం తగ్గడానికే ఏడేళ్లకు పైగా పడుతుంది.

ఒక్క మంటతో ఎవరికీ ఏదో అయిపోతుందని కాదు, టెన్షన్ పడొద్దు. కానీ కడుపులో బిడ్డకు థైమస్ రెండో నెలలోనే మొదలవుతుంది. మీ పిన్నికి ఇప్పుడు ఐదో నెల. పండక్కి ఇక్కడే ఉంటుంది, మంట చూడకుండా లోపల కూర్చోమంటే వినే మనిషా?

పెరట్లో ఎండిన కొబ్బరి మట్టలు, పిడకలు, విరిగిన నులక మంచం కోళ్లు ఎత్తిపెట్టాను. పలకలు మర్చిపోకుండా తెచ్చుకోండి.

మీ అవ్వ,
తిరుపతి