నౌపడాని చిప్పు గుమ్మం ముందుకి తెస్తున్నారు

మొన్న వానలకి మా పర్లాకిమిడిలో ఇంట్లో నెట్ పోయింది, బాక్సు మీద ఎర్ర లైటు. కేబుల్ కుర్రాడొచ్చి పెన్ను లాంటిదొకటి ఫైబర్ చివర గుచ్చి ఎర్రటి వెలుగు పంపాడు, గుమ్మం పక్కన క్లిప్పు మేకు కింద వైరు నలిగిన చోట ఆ వెలుగు బయటికి మెరిసింది. "ఇలా మడత పడితే లైటు కారిపోతాది అన్నయ్యా" అన్నాడు. లైటు కారడం అన్న మాట భలే నచ్చింది నాకు.

ఈ లైటునే ఇప్పుడు కంప్యూటర్లో చిప్పు అంచు దాకా తీసుకెళ్తున్నారు, సిలికాన్ ఫోటోనిక్స్ అంటే అదే. లైటు ఫాస్ట్ కదా అందుకే అనుకుంటారు చాలామంది, కానీ కాదు. ఫైబర్లో వెలుగు నానోసెకనుకి 20 సెంటీమీటర్లు పోతుంది, మంచి రాగి కేబుల్లో సిగ్నలూ దాదాపు అంతే, చిప్పులో వెలుగు కోసం చెక్కిన సిలికాన్ దారిలో అయితే ఇంకా నెమ్మది, 7 సెంటీమీటర్లు. గొడవంతా నష్టం దగ్గరే. సెకనుకి ఎక్కువ బిట్లు తోసేకొద్దీ కరెంటు రాగి తీగ పైపొరకే పరిమితమైపోతుంది, సిగ్నల్ నీరసిస్తుంది, 200 గిగాబిట్ల దగ్గర రెండు మీటర్లు దాటించడమే గగనం. అదే మంచి ఫైబర్లో సగం వెలుగు పోవాలంటే 15 కిలోమీటర్లు వెళ్ళాలి.

మరి లెక్కలు కూడా లైటే చెయ్యొచ్చుగా అంటే, లెక్కకి ఒక సిగ్నల్ ఇంకోదాన్ని ఆపగలగాలి, ట్రాన్సిస్టర్ చేసేది అదే. వెలుగు కిరణాలు ఎదురుపడినా పలకరించుకోకుండా పోతాయి, ఒకచోట కూర్చోమన్నా కూర్చోవు. అందుకని లెక్క ఎలక్ట్రాన్లది, మోసుకెళ్ళే పని వెలుగుది, మధ్యలో ఎక్కడో సరుకు మార్చాలి.

సరుకు మార్చడం గురించి మా ఊళ్ళో ఎవరికీ చెప్పక్కర్లేదు. 1900లో మొదలైన మా చిన్న రైలు బండి పట్టాల మధ్య రెండున్నర అడుగులే, అది కలిసే నౌపడా జంక్షన్లో మెయిన్ లైనేమో బ్రాడ్‌గేజి, బస్తా ఏదైనా అక్కడ దించి మళ్ళీ ఎక్కించాల్సిందే, 2011లో ఇటూ బ్రాడ్‌గేజి బండి వచ్చేదాకా. డేటా సెంటర్లో కంప్యూటర్ల మధ్య డేటా పంచే పెట్టె, అంటే స్విచ్, దాని ముందు గుచ్చే మాడ్యూలే నౌపడా: వెలుగు అక్కడ కరెంటుగా మారి, చిప్పు దాకా మిగిలిన జానెడు దూరం బోర్డు మీది రాగిలో వెళ్తుంది, ఆ జానెడులో చెదిరిన సిగ్నల్ని సరిచెయ్యడానికే బోలెడు కరెంటు తగలబడుతుంది. కో-ప్యాకేజ్డ్ ఆప్టిక్స్ అంటే నౌపడాని తీసెయ్యడం కాదు, తెచ్చి చిప్పు గుమ్మం ముందు పెట్టడం. 2025 మార్చిలో ఎన్విడియా ప్రకటించిన స్విచ్‌లు ఈ రకమే. అదే ఎన్విడియా 72 జీపీయూల (ఏఐ లెక్కలు చేసే చిప్పుల) బీరువాలో మాత్రం ఐదు వేలకి పైగా రాగి కేబుళ్ళు పెట్టింది, దగ్గర దూరానికి రాగే చవక, నా లెక్కలో అదే తెలివైన పని.

సిలికాన్ మన కంటికి బూడిదరంగు రేకులా ఉంటుంది గానీ 1310, 1550 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్‌కి మాత్రం గాజే. దారి వెడల్పు 500 నానోమీటర్లు, చుట్టూ గాజు పొర. వక్రీభవన గుణకం, అంటే వెలుగుని ఎంత నెమ్మదింపజేసి వంచుతుందో చెప్పే అంకె, లోపల సుమారు 3.5, బయట 1.45, ఇంత తేడా ఉండబట్టి వెలుగు లోపలే బందీ, 5 మైక్రాన్ల మలుపు తిప్పినా పెద్దగా కారదు. మా కుర్రాడికి చెబితే నమ్మడు.

లోటు ఏంటంటే సిలికాన్‌కి వెలుగు పుట్టించడం చేతకాదు. లేజర్ ఇండియం ఫాస్ఫైడ్‌తో చెయ్యాలి, వెలుగుని పట్టి కరెంటు చెయ్యడానికి జెర్మేనియం కావాలి. బిట్లు ముద్రించే పని మాత్రం సిలికానే చేస్తుంది, చిన్న రింగులో కరెంటుతో వెలుగుని ఆపడం, వదలడం. అయితే ఆ రింగు మహా సున్నితం, ఒక్క డిగ్రీ వేడెక్కితే అది పట్టే రంగు నానోమీటరులో పదో వంతు దాకా జరుగుతుంది, పక్కనేమో వందల వాట్లతో కాలిపోయే చిప్పు. అందుకని ప్రతి రింగు పక్కనా బుల్లి హీటరు, రంగు జరక్కుండా. చల్లబరచడానికి అంత ఖర్చు పెడుతున్న చోట మళ్ళీ వేడి చెయ్యడానికి ఖర్చు!

లేజర్లకి వేడి పడదు, ముందుగా పోయేవీ అవే, అందుకే వాటిని విడిగా స్విచ్ ముందువైపు పెడుతున్నారు, పోతే మార్చుకోవచ్చని. చిప్పు పక్కన ఫైబర్ అతుకు దెబ్బతింటే మాత్రం పాత మాడ్యూల్లా పీకి ఇంకోటి గుచ్చే వీల్లేదు. మా ఇంట్లోదైతే కుర్రాడు నలిగిన ముక్క కోసేసి పావుగంటలో జాయింట్ కొట్టి, పోతూ పోతూ ఆ మేకు కూడా పీకి జేబులో వేసుకుపోయాడు.