డ్రెయిన్ ప్లగ్ ఊడి రానంటోందా? ముందు ఈ అపోహలు వదిలించుకోండి

ఇంట్లోనే ఇంజిన్ ఆయిల్ మార్చుకుందామని కారు కిందికి దూరినవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది డ్రెయిన్ ప్లగ్ (పాత ఆయిల్ బయటికి వదలడానికి ఇంజిన్ అడుగున ఉండే బోల్టు) దగ్గరే. మెకానిక్‌గా నేను చూసేదేమిటంటే, బిగుసుకుపోయిన ప్లగ్ కంటే విప్పబోయి తల అరగదీసిన ప్లగ్గే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది.

అపోహ: తుప్పు పట్టేసింది, స్ప్రే కొడితే వదులుతుంది.

ప్లగ్ మరలు లోపలివైపు ఆయిల్‌లోనే నానుతుంటాయి. తుప్పు కనిపించేది సాధారణంగా బయటి తల మీదే. అసలు పట్టు తల కింద, వాషర్ దగ్గర ఉంటుంది. పోయినసారి ఎవరో ఎయిర్ గన్‌తో బిగించి ఉంటారు. లేదా పాత వాషరే మళ్లీ వేసి, ఆయిల్ కారుతోందని ఇంకో చుట్టు లాగి ఉంటారు. స్ప్రే కొడితే నష్టం లేదు, వాషర్ అంచున కొట్టి కాసేపు ఆగండి. కానీ ఆశంతా దాని మీదే పెట్టుకోవద్దు.

అపోహ: బలం చాలట్లేదు, పానాకి పైపు తొడిగితే సరి.

బలం కంటే ముందు పట్టు సరిగ్గా ఉండాలి. 12 మూలల రింగ్ పానా బోల్టు మూలల దగ్గరే పట్టుకుంటుంది, కాస్త అరిగిన తల మీద జారిపోతుంది. 6 మూలల సాకెట్ అయితే ఒత్తిడి పక్కల మీద పడుతుంది. అడ్జస్టబుల్ పానాను అసలు దగ్గరికే రానివ్వకండి. తల చుట్టూ పేరుకున్న మట్టిని వైర్ బ్రష్‌తో తోమి, సాకెట్‌ని సుత్తితో రెండు దెబ్బలేసి పూర్తిగా కూర్చోబెట్టండి. పొడుగు హ్యాండిల్ వాడొచ్చు. కాకపోతే హ్యాండిల్ పొడుగయ్యేకొద్దీ సాకెట్ పక్కకి ఒరుగుతుంది. అందుకే ఒక చేత్తో సాకెట్‌ని ప్లగ్‌కేసి అదిమి పట్టి, రెండో చేత్తో ఒక్క కుదుపుతో లాగండి. వదిలేటప్పుడు ‘టక్’మని వినిపిస్తుంది, ఆ తర్వాత వేళ్లతోనే తిరుగుతుంది.

ఇంత లాగుడు ఒట్టి జాకీ మీద ఉన్న కారు కింద మాత్రం వద్దు. స్టాండ్లు పెట్టాల్సిందే.

ఇంకో మాట. వెల్లకిలా పడుకుంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. విప్పుతున్నామనుకుంటూ బిగించేసేవాళ్లు తక్కువేం కాదు. ప్లగ్ తలకి ఎదురుగా చూస్తూ గడియారం ముల్లుకి వ్యతిరేక దిశలో తిప్పాలి.

అపోహ: మంట పెట్టి వేడిచేస్తే వచ్చేస్తుంది.

చుట్టూ ఆయిల్, రబ్బరు సీళ్లు ఉన్నచోట మంటేమిటండీ! ఇంజిన్‌ని కొన్ని నిమిషాలు నడిపితే చాలు. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది కాబట్టి అల్యూమినియం పాన్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఉక్కు ప్లగ్ పట్టు కాస్త సడలుతుంది. ఉక్కు పాన్ అయితే ఈ లాభం పెద్దగా ఉండదు. ఆయిల్ గోరువెచ్చగా ఉండాలే తప్ప చెయ్యి కాలేంత ఉండకూడదు.

అపోహ: తల అరిగిపోతే పాన్ మార్చాల్సిందే.

లోపల మెలికలున్న ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్లు దొరుకుతాయి, తిప్పేకొద్దీ తలని కరిచి పట్టుకుంటాయి. అరుగుదల తక్కువైతే లాకింగ్ ప్లయర్‌తోనూ వస్తుంది. ఉలి మాత్రం ఆఖరి మార్గం, అల్యూమినియం పాన్‌కి తగిలితే పగుళ్లిస్తుంది. ఏదీ కుదరక టెన్షన్ పడుతుంటే, చాలా కార్లలో డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) గొట్టంలోంచి పంపుతో ఆయిల్ లాగేసి, ప్లగ్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

అపోహ: మళ్లీ వేసేటప్పుడు ఎంత గట్టిగా బిగిస్తే అంత మంచిది.

వచ్చేసారి మీ తిప్పలకి ఇదే మొదలు. కొత్త వాషర్ వేసి, ప్లగ్‌ని వేళ్లతో మొదలుపెట్టి, మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (తిప్పే బలానికి) బిగించండి. చాలా కార్లకి అది 25-40 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంటుంది.

అన్నట్టు, మీరు కుస్తీ పడుతున్నది నిజంగా ఇంజిన్ ప్లగ్గేనా? గేర్‌బాక్స్ ప్లగ్ విప్పేసి, ఇంజిన్‌లో కొత్త ఆయిల్ అదనంగా పోసేసేవాళ్లూ ఉన్నారు. ఉద్దేశపూర్వకంగానే గేర్‌బాక్స్ ఆయిల్ మారుస్తుంటే, ఆయిల్ నింపే ప్లగ్‌ని ముందు విప్పి చూడండి. అది ఊడి వచ్చాకే కింది ప్లగ్ జోలికి వెళ్లండి, లేకపోతే పాత ఆయిల్ పోయాక కొత్తది నింపే దారి ఉండదు.