బాతుల కడుపులో పేక

పోయిన చలికాలం అమీన్‌పూర్ చెరువు గట్టు మీద సూదితోక బాతుల్ని చూస్తుంటే, పదో తరగతి చదివే మా మేనకోడలు అడిగింది: "మామయ్యా, మశూచి లేకుండా చేశారు కదా, ఫ్లూని ఎందుకు చెయ్యలేకపోతున్నారు?"

జవాబు మా కళ్లెదుటే ఈదుతోంది. మశూచికి మనిషి తప్ప మరో ఇల్లు లేదు. టీకాలతో ఆ ఇంటి తలుపులు మూసేస్తూ పోతే, 1980కల్లా దాని పీడ వదిలింది. ఫ్లూ వైరస్‌లలో ముఖ్యమైన రకం ఇన్‌ఫ్లుయెంజా-ఎ. దాని అసలు కాపురం నీటిపక్షుల పేగుల్లో. చాలా రకాలు బాతుకి జబ్బే చెయ్యవు. తల నీళ్లలో ముంచి, తోక నిటారుగా ఎత్తి బురద వెతుక్కుంటున్న ఆ బాతు రెట్టతో వైరస్ నీళ్లలో కలుస్తుంది. పక్క బాతు అవే నీళ్లు తాగుతుంది. వీటన్నిటికీ టీకాలు ఎవరు వెయ్యగలరు?

ఇంతకన్నా నన్ను కట్టిపడేసేది దాని జన్యువుల అమరిక. ఒకే దారం కాదు, ఎనిమిది విడి ఆర్‌ఎన్‌ఏ (దాని జన్యుపదార్థం) ముక్కలు. పేకముక్కలే అనుకోండి. ఒకే కణంలోకి రెండు రకాల వైరస్‌లు దూరితే రెండు కట్టలు కలిసిపోతాయి. పిల్ల వైరస్‌కి ఎనిమిది ముక్కలూ కావాలి, ఏది ఏ కట్టలోంచి వచ్చినా సరే. ఒక్కో ముక్కకి రెండు అవకాశాలు. ఎనిమిదింటికి 256 కూర్పులు! 2009 స్వైన్‌ఫ్లూ చేతిలో పడ్డ ఎనిమిది ముక్కలు, వాటి పేర్లతో ఇవి: పీబీ2, పీఏ పక్షులవి, పీబీ1 మనుషుల్లో తిరిగే హెచ్3ఎన్2 అనే ఫ్లూది, హెచ్‌ఏ, ఎన్‌పీ, ఎన్‌ఎస్ పాతకాలపు పందివైరస్‌వి, ఎన్‌ఏ, ఎం యూరప్-ఆసియా పందులవి. ఇన్ని కట్టలు కలిసింది పందుల్లోనే. వాటి శ్వాసనాళం కణాల మీద పక్షి వైరస్ పట్టుకునే చక్కెర కొసలూ ఉన్నాయి, మనిషి వైరస్ పట్టుకునేవీ ఉన్నాయి.

మన దేశంలో ఆ స్వైన్‌ఫ్లూ తొలి కేసు 2009 మే నెలలో హైదరాబాద్‌లోనే బయటపడింది. మా వీధిలో పిల్లల మెళ్లో కర్పూరం మూటలు వేలాడదీశారు. కర్పూరం వాసన ఆ వైరస్‌ని ఆపలేదు. ఈ ముక్క బడిలో గట్టిగా చెప్పాలి.

ఎ రకాన్ని నిర్మూలించలేమనే నా నమ్మకం. ఫ్లూలోనే మరో రకమైన బి సంగతి వేరు. అది తిరిగేది దాదాపు మనుషుల్లోనే, దానికి బాతుల అండ లేదు. అందులో యమగాటా, విక్టోరియా అని రెండు శాఖలు. కోవిడ్ రోజుల్లో మాస్కులు కట్టుకుని, ప్రయాణాలు మానుకుని ఇళ్లలో కూర్చున్నాం కదా, 2020 మార్చి తర్వాత యమగాటా ప్రపంచంలో ఎక్కడా నిర్ధారణ కాలేదు. టీకాలోంచి కూడా దాన్ని తీసెయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది.

"అయితే విక్టోరియాని కూడా పంపించెయ్యొచ్చుగా?" అంది మా పిల్ల. పంపించొచ్చనే నా ఆశ.