మిద్దె మీద సోలార్, బిల్లులో 2022

సోలార్ పెట్టించుకున్న ఇంటికి కూడా బిల్లెందుకు వస్తోందన్న తగువు అనంతపురం, కడప, కర్నూలు పట్టణాల్లో మళ్ళీ రాజుకుంది. బిల్లు సున్నా అవుతుందని నమ్మించారని ఇంటివాళ్ళ కోపం. వాడుకున్నదానికే వేశామని కరెంటాఫీసు జవాబు. ప్యానెళ్ళు చక్కగా పనిచేస్తున్నాయి, కావాలంటే యాప్ చూసుకోండని డీలరు వాదన. డీలరు చెప్పింది చాలాచోట్ల నిజమే. ఆఫీసు చెప్పింది కూడా అబద్ధం కాదు. కాకపోతే ఎప్పుడు వాడుకున్నదానికి అన్నదే అక్కడ తేలాల్సిన సంగతి.

విభజనకు ముందటి కోతలు, ఇంటింటికీ ఇన్వర్టర్లు దిగిన రోజులు, 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ సోలార్ సబ్సిడీ పథకం అందరూ ఎరిగినవే. ఈ తగువు మొదలు వాటిలో లేదు, 2022 ఏప్రిల్‌లో ఉంది. ఆ నెలలో దేశమంతా బొగ్గు కొరత. కరెంటు కొని అమ్మే విద్యుత్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర హద్దు మీరడంతో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి రూ.12 దగ్గర పరిమితి పెట్టింది. రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ప్రకటించారు. ఇళ్ళకు కోత పెడితే ఊరుకోరు కాబట్టి డిస్కంలు, అంటే కరెంటు పంపిణీ సంస్థలు, ఎంతైనా సరే అని కొన్నాయి. ఆ ఏడాదే గృహ వినియోగదారులకు వాడకాన్నిబట్టి పెట్టిన గ్రూపులు తీసేసి కొత్త శ్లాబులు తెచ్చారు. మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75.

శ్లాబు ధరలైతే బిల్లు చూసి అర్థం చేసుకోవచ్చు. ఎక్కువ పెట్టి కొన్న కరెంటు ఖర్చు మాత్రం ఆ ఏడాది బిల్లులోకి పూర్తిగా రాలేదు, ఖాతాలో ఉండిపోయింది. 2022-23 లెక్క తేలి, రూ.6,072 కోట్లు వసూలు చేసుకోవచ్చని రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించేసరికి 2024 అక్టోబరు వచ్చింది. 2024 డిసెంబరు నుంచి వాయిదాల్లో వసూలు మొదలైంది. వెనువెంటనే 2023-24కి మరో రూ.9,412 కోట్లు. బిల్లులో సర్దుబాటు చార్జీ అన్న వరస పక్కన పాత నెల, పాత సంవత్సరం కనిపించేది ఇందుకే. ఆ నెలలో ఆ సర్వీసు నంబరు మీద ఎన్ని యూనిట్లు కాలాయో దాన్నిబట్టి వేస్తారు. అప్పుడు ఏసీ వేసుకున్న అద్దెవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయినా, ఇప్పుడున్నవాళ్ళకు వస్తుంది. మిద్దె మీద ఈ ఏడాది ప్యానెళ్ళు ఎక్కినా వస్తుంది. ఈ రోజు ఎండ మూడేళ్ళ కిందటి యూనిట్‌ను తగ్గించలేదు కదా.

ఇది తొలిసారీ కాదు. 2014-19 ఐదేళ్ళ బకాయి పేరుతో 2021 సెప్టెంబరులో దక్షిణ డిస్కం పరిధిలో, అంటే మన జిల్లాల్లో, యూనిట్‌కు రూ.1.23 వేశారు. గొడవై ఆ వసూలు ఆగింది. మళ్ళీ 2022 ఆగస్టు నుంచి తక్కువ మొత్తాలుగా విడగొట్టి తీసుకున్నారు. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ అవతలివాళ్ళ పాపమంటుంది. కట్టేవాడు మాత్రం మారలేదు. 2023 నుంచి ఈ లెక్కలు తేల్చే నియంత్రణ మండలి కార్యాలయం కర్నూలులోనే ఉంది. అభ్యంతరం చెప్పుకోవడానికి హైదరాబాదు పోనక్కర్లేకుండా ఆ ఒక్క మేలు జరిగింది.

డిస్కంల వైపు మాటా ఉంది. అప్పుడు కొనకపోతే చీకట్లో కూర్చునేవాళ్ళు, ఆ ఖర్చు ఎవరో ఒకరు భరించాలి అంటారు. కాదనలేం. కానీ నెల తిరక్కుండా ధర చెప్పి ఉంటే ఇంటివాళ్ళు ఏసీ ఒక గంట తగ్గించుకునేవాళ్ళు.

ఇక ప్యానెళ్ళ సంగతి. నెలకు 300 యూనిట్లు కాల్చే ఇంటిని తీసుకుందాం. పై శ్లాబుల ప్రకారం కరెంటు చార్జీ రూ.1,673. మన ఎండకు ఒక కిలోవాట్ నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. మొదటి కిలోవాట్‌తో ఆ చార్జీ రూ.747కి దిగుతుంది. అంటే రూ.926 మిగులు. రెండోదానితో రూ.147, ఇంకో రూ.600 మిగులు. మూడోది పెట్టినా తగ్గడానికి మిగిలింది ఆ రూ.147 మాత్రమే. ఆపైన గ్రిడ్‌కు పోయే మిగులు యూనిట్లకు డిస్కం లెక్కగట్టే ధర, మొదటి కిలోవాట్ తప్పించిన శ్లాబుల ధరకు దగ్గర్లో కూడా ఉండదు. సబ్సిడీ కూడా మొదటి రెండు కిలోవాట్లకు ముప్పై వేల చొప్పునే, మూడోదానికి పద్దెనిమిది వేలు. అయినా 'మూడు పెట్టించుకోండి సార్, 78 వేలొస్తాయి' అన్న మాటకే అందరూ పడిపోతున్నారు.

పొదుపు ఎంతో బిల్లు ఒక్కటే చూసి చెప్పలేకపోవడానికి ఇంకో కారణముంది. నెట్ మీటరు బటన్ నొక్కితే వచ్చే అంకెల్లో రెండే పనికొస్తాయి: గ్రిడ్ నుంచి తీసుకున్నవి, గ్రిడ్‌కు ఇచ్చినవి. పగలు ప్యానెల్ నుంచి నేరుగా ఫ్యానుకో మోటారుకో పోయిన కరెంటు ఆ మీటరు దాకా రానే రాదు. అది ప్యానెల్ కరెంటును ఇంటికి సరిపడేలా మార్చే సోలార్ ఇన్వర్టర్‌కే తెలుసు. అందుకే ప్రతి నెలా రీడింగ్ తీసే రోజున ఇన్వర్టర్ ఉత్పత్తి కూడా రాసిపెట్టుకోవాలి. ఉత్పత్తిలోంచి గ్రిడ్‌కు ఇచ్చింది తీసేసి, తీసుకున్నది కలిపితే ఇంటి అసలు వాడకం వస్తుంది. అలా రాసుకున్న ఇళ్ళలో బయటపడే నిజం తరచూ ఒకటే: సోలార్ వచ్చాక వాడకం పెరిగింది. 'ఫ్రీయే కదా' అని రెండో ఏసీ ఎక్కుతుంది, బిల్లు తగ్గలేదని ప్యానెల్‌ను తిడతారు.

ప్యానెల్ వైపు లోటూ లేకపోలేదు. దాని వాట్ల లెక్క 25 డిగ్రీల దగ్గర కట్టింది. కడప మే నెల మధ్యాహ్నం ప్యానెల్ వేడి అరవై దాటుతుంది. డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. ఎండ మండుతోంది కాబట్టి కరెంటు పొంగుతుందనుకోవడం పొరపాటు. బండల పాలిష్ యూనిట్ల పక్కన ఉన్న ఇళ్ళకు తెల్లపొడి సరేసరి. బోరు నీళ్ళతో కడిగి ఎండనిస్తే ఉప్పు మరకలు కట్టి అద్దం మసకబారుతుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు కడిగి, తడి గుడ్డతో తుడిచేయాలి.

ఇప్పుడు బ్యాటరీ అమ్మేవాళ్ళు గుమ్మం ముందుకొచ్చారు. నెట్ మీటరింగ్ ఉన్నన్నాళ్ళు పగలు ఇచ్చిన యూనిట్ రాత్రి తీసుకున్న యూనిట్‌కు చెల్లు. గ్రిడ్డే ఉచిత బ్యాటరీ. ఇంట్లో లిథియం బ్యాటరీ పెడితే నింపి తీయడంలో కొంత కరెంటు పోతుందే తప్ప బిల్లులో రూపాయి తగ్గదు. దాని ప్రయోజనం కోతల్లో. కరెంటు పోతే గ్రిడ్‌కు కట్టిన మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ మండుటెండలోనూ ఆగిపోతుంది. తీగ మీద పనిచేసే లైన్‌మన్‌కు షాక్ కొట్టకుండా ఆ ఏర్పాటు. హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉంటేనే ఫ్యాన్లు తిరుగుతాయి. కోతల కోసం ఎప్పుడో పెట్టుకున్న పాత ఇన్వర్టర్ కింద ఉన్న 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ రెండు యూనిట్లు కూడా పట్టదు, రోజూ పూర్తిగా దించితే తొందరగా చచ్చిపోతుంది.

లెక్క తిరగబడే అవకాశం ఒకటుంది. 2023లో కేంద్రం మార్చిన వినియోగదారుల హక్కుల నిబంధనలు సోలార్ గంటల్లో ధర కనీసం 20 శాతం తక్కువగా, సాయంత్రం ఎక్కువగా ఉండాలంటున్నాయి. దానికి స్మార్ట్ మీటరు కావాలి. మన ఇళ్ళకు ఈ వేళనుబట్టి ధర పూర్తిగా వచ్చి, పగటి యూనిట్‌ను రాత్రి యూనిట్‌తో సమానంగా చెల్లు వేయడం మానేస్తే, ఐదు యూనిట్ల బ్యాటరీకి అప్పుడు విలువొస్తుంది. ఓర్వకల్లు దగ్గర పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్ళు పైకెక్కించి, అవసరమైన గంటల్లో కిందికి వదిలి కరెంటు తీసే 1,680 మెగావాట్ల ప్రాజెక్టు కట్టింది కూడా ఈ ధరల తేడా మీదే. ఇళ్ళవాళ్ళకు ఆ తేడా ఎంత ఉంటుందో టారిఫ్ ఉత్తర్వులో చూశాకే బ్యాటరీ బేరం. 2023-24 బకాయి వాయిదాలు మాత్రం తీరేదాకా ప్యానెల్ ఉన్నా, బ్యాటరీ ఉన్నా బిల్లు మీద వస్తూనే ఉంటాయి.