దిక్సూచి ముల్లు కదిలింది, కరెంటు మాత్రం లేదు

1880ల్లో లండన్, న్యూయార్క్ పత్రికల్లో ‘డాక్టర్ స్కాట్ ఎలక్ట్రిక్ కార్సెట్’ ప్రకటనలు వచ్చేవి. కార్సెట్ అంటే ఆడవాళ్లు నడుం చుట్టూ తాళ్లతో బిగించుకునే గట్టి తొడుగు. నడుం నొప్పి, నరాల నీరసం, అజీర్తి, కీళ్లవాతం అన్నీ ఆ ఒక్క తొడుగుతో పోతాయని హామీ. అందులో బ్యాటరీ లేదు, తీగ లేదు. కార్సెట్ నిటారుగా నిలవడానికి స్టీలు పట్టీలు ఎలాగూ ఉంటాయి. వాటిని అయస్కాంతాలుగా మార్చారు, అంతే. అమెరికాలో దాంతోపాటు చిన్న దిక్సూచి కూడా ఇచ్చేవారు. దగ్గరికి తెస్తే ముల్లు తిరుగుతుంది, కొన్నావిడ నమ్ముతుంది. ముల్లు చెప్పింది స్టీలు సంగతి, జబ్బు సంగతి కాదు.

వాడినవాళ్లకు హాయి అనిపించడం మాత్రం అబద్ధం కానక్కర్లేదు. వరస కాన్పులతో పొట్ట కండరాలు వదులైన మనిషికి ఆసరా దొరికితే నడుం నొప్పి కాసేపు తగ్గుతుంది. మన బాలింతలకు పాత చీరతో నడికట్టు కట్టేదీ ఆ ఆసరాకే. ఆ మేలు కాస్తా ‘ఎలక్ట్రిసిటీ’ ఖాతాలో పడింది.

కానీ నడికట్టు వేరు, కార్సెట్ బిగింపు వేరు. 1820ల చివర్లో తాడు కన్నాలకు లోహపు రింగులు వచ్చాక గుడ్డ చిరగకుండా ఇంకా లాగి బిగించడం కుదిరింది. కింది పక్కటెముకలు నొక్కుకుపోతే డయాఫ్రమ్ (ఊపిరితిత్తుల కింద ఉండే, ఊపిరి ఆడించే కండరం) పూర్తిగా దిగదు, ఊపిరి పైపైనే ఆడుతుంది. కడుపు మీద ఒత్తిడికి పుల్లతేన్పులు. ఏళ్ల తరబడి ఆసరాకు అలవాటైన వెన్ను కండరాలు నీరసిస్తాయి. విప్పితే నడుం నిలవదు, మళ్లీ తొడగాల్సిందే. అమ్మేవాడికి ఇంతకన్నా ఏం కావాలి!

డాక్టర్లూ ఈ వ్యాపారంలోకి దిగారు. కార్సెట్ల హాని గురించి ఉపన్యాసాలిచ్చిన లూసియన్ వార్నర్, అన్నతో కలిసి 1874లో న్యూయార్క్ రాష్ట్రంలో కార్సెట్ల కంపెనీయే పెట్టాడు. వాళ్ల ‘కోరలైన్ హెల్త్ కార్సెట్’లో తిమింగిలం నోటి పట్టీల బదులు మెక్సికో కిత్తనారకు దారం చుట్టి వాడారు. అవి వంగేవి గానీ విరిగేవి కావు. వస్తువుగా చూస్తే అది నిజమైన మెరుగుదలే.

పారిస్‌లో డాక్టర్ ఇనెస్ గాష్-సారోత్ పొట్ట మీద ఒత్తిడి తగ్గించాలని 1900 ప్రాంతంలో ముందు పట్టీ నిటారుగా ఉండే కార్సెట్ తెచ్చింది. వదులుగా వేసుకుంటే సరే. సన్న నడుం కోసం బిగించేసరికి తుంటి వెనక్కి, రొమ్ము ముందుకు తోసుకొచ్చి వెన్ను విల్లులా వంగింది.

కల్తీని, తప్పుడు లేబుళ్లను ఆపడానికి అమెరికా 1906లో తెచ్చిన చట్టం ఆహారం, మందుల వరకే వర్తించింది. ఒంటికి తొడిగేవి దాని కిందికి రాలేదు. వైద్య పరికరాలు చట్టంలోకి వచ్చింది 1938లో. అప్పటికే ఆడవాళ్లు ఎలాస్టిక్ గర్డిళ్లకు (సాగే నడుం తొడుగులకు) మారిపోయారు.