గోడల్లో దాగిన నిమ్ము: అపోహలు - వాస్తవాలు

పిల్లలు ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టబోతే ఏ ఇంట్లో పెద్దవారైనా కేక వేసి ఆపుతారు. నీటి చుక్క తగిలితే బూజు పడుతుందని అందరికీ తెలుసు. అదే ఇంట్లో పడకగది గోడ మీద నల్లగా బూజు పట్టినప్పుడు మాత్రం ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందని ఎవరూ వెతకరు, పెయింటరును పిలుస్తారు. ఇళ్లలో లీకేజీలను, నిమ్మును పరిశీలించే సివిల్ ఇంజనీరుగా నేను విజయవాడ పరిసరాల్లో పదే పదే వినే అభిప్రాయాలను, వాటిలోని తప్పొప్పులను ఇక్కడ వివరిస్తున్నాను.

అపోహ: మచ్చ కనిపించిన చోటే లీకేజీ ఉంటుంది.

వాస్తవం: నీరు లోపలికి దిగే చోటు ఒకటి, బయటపడే చోటు మరొకటి కావడం సర్వసాధారణం. స్లాబులో వేసిన కరెంటు పైపులు, బీముకూ ఇటుక గోడకూ మధ్య ఉండే సన్నని సందు, టైల్స్ కింద సరిగా నిండని సిమెంటు పొర, ఇవన్నీ నీటికి దారులే. డాబా మీద పిట్టగోడ మొదట్లో పడిన పగులులోకి దిగిన వాన నీరు కరెంటు పైపు వెంట ప్రయాణించి, పదిహేను అడుగుల అవతల హాలు మధ్యలో ఫ్యాను కొక్కెం దగ్గర చుక్కలుగా రాలిన ఇల్లు ఒకటి నాకు బాగా గుర్తుంది. ఆ ఇంటివారు అప్పటికే రెండుసార్లు ఫ్యానుకు సరిగ్గా పైన ఉన్న చోట డాబాను తవ్వి పూడ్చారు.

మచ్చ ఎక్కడ ఉందన్న దానికన్నా అది ఎప్పుడు పెరుగుతోందన్నది ఎక్కువ సంగతులు చెబుతుంది. అందుకే నేను మొదటి రోజున సుత్తి తీయను. మచ్చ అంచు వెంట పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయమని చెబుతాను. వాన పడిన కొన్ని గంటలకో, మరునాటికో గీత దాటితే డాబానో, బయటి గోడ పగుళ్లో, కిటికీ సన్‌షేడ్ కలిసే చోటో అనుమానించాలి. ఎండాకాలంలోనూ వానాకాలంలోనూ ఒకే వేగంతో పెరిగితే అది ఎప్పుడూ ఒత్తిడితో నీరుండే పైపు పని కావచ్చు. స్నానాలు ఎక్కువగా జరిగే రోజుల్లో, చుట్టాలు వచ్చి వెళ్లిన తరువాత పెరిగితే బాత్రూం నేల, నహానీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ కింది గొట్టం), కమోడ్ కలిసే జాయింటు చూడాలి. ఏసీ వాడే నెలల్లో మాత్రమే కనిపిస్తే ఏసీ నీరు పోయే సన్నని గొట్టం పూడుకుపోయి, ఆ నీరు గోడలోకి దిగుతూ ఉండవచ్చు. సొంత ఇల్లయితే రాత్రి కుళాయిలన్నీ కట్టి, మోటారు వేయకుండా, పై ట్యాంకులో నీటి మట్టాన్ని గుర్తుపెట్టి తెల్లవారి మళ్లీ చూడడం పైసా ఖర్చు లేని పరీక్ష.

అపోహ: పై ఫ్లాటువారు రెండు రోజులు బాత్రూం వాడలేదు, అయినా కారుతూనే ఉంది; కాబట్టి లీకేజీ వారిది కాదు.

వాస్తవం: అపార్ట్‌మెంట్లలో తగాదాలన్నీ ఈ ఒక్క వాదం చుట్టే తిరుగుతాయి. చాలా అపార్ట్‌మెంట్లలో బాత్రూం స్లాబును మిగతా స్లాబు కన్నా దాదాపు ఒక అడుగు కిందికి దింపి, అందులో పైపులు వేసి, పైన ఇటుక ముక్కలో, తేలికపాటి కాంక్రీటో నింపి టైల్స్ పరుస్తారు. టైల్స్ జాయింట్ల నుంచి ఏళ్ల తరబడి దిగిన నీరు ఆ ఇటుక ముక్కల మధ్య తొట్టిలో ఉన్నట్టు నిలిచి ఉంటుంది. పైన వాడకం ఆగినా కింద ఆ నిల్వ తరిగేదాకా చుక్కలు పడుతూనే ఉంటాయి. రెండు రోజులు కాదు, రెండు మూడు వారాలైనా చూస్తే తప్ప ఆ పరీక్షతో ఏమీ తేలదు. అంతకన్నా నేలకూ ట్రాపుకూ విడివిడిగా రంగు నీటి పరీక్ష చేయడం మంచిది. ట్రాపును మూసి నేల మీద రంగు కలిపిన నీటిని ఒక రోజు నిలబెట్టి, ఆ తరువాత మరో రంగు నీటిని ట్రాపులో పోసి, కింద ఏ రంగు ఎప్పుడు కనిపించిందో రాసుకుంటే ఇరువర్గాలూ ఒప్పుకోక తప్పదు.

అపోహ: లప్పం పెట్టి, నిమ్మును ఆపే ఖరీదైన పెయింటు వేస్తే సమస్య తీరుతుంది.

వాస్తవం: బయటి నుంచో కింది నుంచో వచ్చే నీటిని గది లోపలి వైపున పెయింటుతో ఆపాలనుకోవడం, ఓడకు చిల్లు పడితే లోపలి నుంచి కాగితం అంటించడం వంటిది. నీటి ఒత్తిడి పెయింటు పొరను వెనుక నుంచి నెడుతుంది, ఆరు నెలలకో ఏడాదికో బుడగలు లేస్తాయి, లప్పంతో సహా పెచ్చులుగా ఊడుతుంది. ఈలోపు ఇంకో నష్టం కూడా జరుగుతుంది. ఆవిరిగా బయటికి పోయే దారి మూసుకుపోవడంతో నీరు ఇటుకల్లో మరింత పైకి పాకుతుంది, మోకాలి ఎత్తున ఉన్న మచ్చ నడుము ఎత్తుకు వస్తుంది. తాతల కాలపు ఇళ్లలో ఏటా సంక్రాంతికి ముందు వేసిన సున్నం రెండు పనులు చేసేది. గోడను ఊపిరి పీల్చుకోనిచ్చేది, తాజాగా ఉన్నంత కాలం దాని క్షారగుణం బూజును నిలవనిచ్చేది కాదు. సున్నం కొట్టిన పాత ఇంటి మీద ప్లాస్టిక్ పెయింటు వేసి, "అంతకు ముందు లేని నిమ్ము ఇప్పుడెలా వచ్చింది" అని అడిగేవారు నాకు ఏడాదికి కొందరైనా తారసపడతారు. నిమ్ము అంతకు ముందూ ఉన్నది, అప్పట్లో ఆరిపోయేది.

అపోహ: గోడ మీద తెల్లగా నూగులా కనిపించేదంతా బూజే.

వాస్తవం: నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పట్టీలా తెల్లటి పొడి కనిపిస్తే అది చాలా వరకు ఉప్పు. నేలలోని నీరు ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి పాకి, ఆవిరైపోతూ తనలోని లవణాలను అక్కడ వదిలిపెడుతుంది. చిటికెడు పొడిని నీటి చుక్కలో వేస్తే ఉప్పు కరుగుతుంది, బూజు కరగదు. ఈ రెండింటికీ చేయవలసిన వైద్యం వేరు కాబట్టి ఈ చిన్న తేడా తెలియడం అవసరం.

అపోహ: పొడి చీపురుతో దులిపి, బ్లీచింగ్ పౌడరు నీళ్లు చల్లితే బూజు చస్తుంది.

వాస్తవం: సాలెగూళ్లనూ బూజు అనే అంటాం, తడికి పట్టే ఈ శిలీంధ్రాన్నీ బూజు అనే అంటాం. బూజుకర్ర పట్టుకోవాలన్న ఆలోచన ఆ మాట వల్లే పుడుతుందేమోనని నాకు అనుమానం. పొడిగా దులిపితే కంటికి కనిపించని బీజాలు గదంతా ఎగురుతాయి, వాటిని పీల్చేది దులిపేవారే. బ్లీచింగ్ ద్రావణం పైపైన రంగును తొలగిస్తుంది గానీ ప్లాస్టరు లోపలికి దిగిన దాన్ని పూర్తిగా చంపుతుందన్న భరోసా లేదు. పైగా చచ్చిన బూజు కూడా ఎలర్జీ కలిగిస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సైతం బ్లీచింగ్ వాడకాన్ని మామూలు పద్ధతిగా సిఫారసు చేయదు. దాదాపు 10 చదరపు అడుగుల లోపు మచ్చనైతే ఇంటివారే శుభ్రం చేసుకోవచ్చన్నది ఆ సంస్థ సూచన. ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, సబ్బు నీటితో తడిపి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. బ్లీచింగ్ నీటిలో బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ కలపకూడదు, ఎందుకంటే ఆ రెండూ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు పంపే వీడియోల్లో గోడను ముక్కగా కోసి తీసేస్తారు. అక్కడి గోడలు ఎక్కువగా చెక్క చట్రాలకు బిగించిన జిప్సం బోర్డులు కనుక ఆ పద్ధతి సరైనదే. మన ఇటుక గోడకు అది వర్తించదు. కానీ మన ఇళ్లలో ఫాల్స్ సీలింగు కూడా జిప్సం బోర్డే, దాని పైనున్న కాగితం బూజుకు ఆహారం. తడిసి బూజు పట్టిన ఆ బోర్డును, పరుపును, వార్డ్‌రోబ్ వెనుక పలుచని ప్లైవుడ్‌ను తుడిచి కాపాడే ప్రయత్నం వృథా, వాటిని పారవేయాలి.

అపోహ: నల్ల బూజు అంటే ప్రాణాంతకం; ముందు ల్యాబులో పరీక్ష చేయించాలి.

వాస్తవం: రంగును బట్టి ప్రమాదం తెలియదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇళ్లలోని తేమ, బూజు గురించి ప్రచురించిన మార్గదర్శకాల్లో వీటికీ శ్వాసకోశ సమస్యలకూ, ఉబ్బసానికీ సంబంధం ఉందని చెబుతూనే, బూజు ఇంత మోతాదు దాకా ఉన్నా ఫరవాలేదనే సంఖ్యను నిర్ణయించలేకపోయింది. పరీక్షకయ్యే డబ్బును లీకేజీ వెతకడానికి ఖర్చు పెట్టండి. ఇంట్లో పసిపిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఉంటే ఆ గదిలో పడుకోనివ్వకుండా వైద్యుడిని సంప్రదించండి.

అపోహ: కిటికీలు తెరిచి, సాంబ్రాణి పొగ వేస్తే వాసన, తేమ రెండూ పోతాయి.

వాస్తవం: సాంబ్రాణి, కర్పూరం, బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండలు వాసనను కప్పుతాయి, అంతే. కిటికీల సంగతి కొంచెం చిక్కైనది. వంట ఆవిరి, స్నానాల గది తేమ బయటికి పోవాలంటే గాలి ఆడాలి, నిజమే. అయితే వానాకాలంలో తీరప్రాంతపు గాలి 30 డిగ్రీల వేడితో, 80 శాతం తేమతో ఉన్నప్పుడు, దాదాపు 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ఏ గోడ తగిలినా అందులోని ఆవిరి నీరవుతుంది. ఫ్రిజ్ లోంచి తీసిన సీసాకు చెమట పట్టేది ఇందుకే. రాత్రంతా 20 డిగ్రీల వద్ద ఏసీ నడిచిన గదికి అవతలి వైపు గోడ మీద, ముఖ్యంగా ఆ గోడకు ఆనించిన బీరువా వెనుక, ఏ లీకేజీ లేకుండానే బూజు పడుతుంది. బీరువాను మూడు అంగుళాలు ముందుకు జరపడం, ఏసీని 25, 26 డిగ్రీల దగ్గర ఉంచడం చాలా ఇళ్లలో సరిపోయింది. అది చెమటా లేక గోడలోంచి వచ్చే నీరా అన్న సందేహం ఉంటే, అడుగున్నర చదరపు పాలిథీన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. గది వైపు తడిస్తే గాలిలోని తేమ, గోడ వైపు తడిస్తే గోడలోని నీరు.

అపోహ: నిమ్ము వల్ల గోడ అందం పోతుంది తప్ప ఇంటికి ప్రమాదం లేదు.

వాస్తవం: స్లాబులోని ఇనుప కడ్డీలు తుప్పు పట్టినప్పుడు ఆ తుప్పు అసలు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ స్థలం ఆక్రమించి, కింది కాంక్రీటును పగలగొడుతుంది. సీలింగు మీద కడ్డీ వెంట నిలువునా గోధుమరంగు గీత కనిపిస్తే పెయింటరును కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవాలి. తడి గోడలోని స్విచ్ బోర్డు ముట్టుకుంటే జిల్లుమన్నా, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను ఆపేసే స్విచ్) కారణం లేకుండా పడిపోతున్నా ఆ లైను వెంటనే ఆపించాలి. ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాన్నే తీసివేయించినవారిని నేను చూశాను.

అపోహ: వరద తగ్గి వారం ఎండ కాస్తే గోడలు ఆరినట్టే.

వాస్తవం: 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ పరిసరాలు రోజుల తరబడి నీటిలో ఉన్నప్పుడు, నీరు తీసిన వెంటనే చాలామంది దసరాలోపు పెయింటు పూర్తి చేయాలని తొందరపడ్డారు. తడిసిన వస్తువు మీద బూజు మొలకెత్తడానికి 24 నుంచి 48 గంటలు చాలు. తడిసిన గోడ ఆరడానికి మాత్రం, మందంలో అంగుళానికి నెల చొప్పున లెక్క వేసుకోవాలి. తొమ్మిది అంగుళాల గోడ రెండు వైపులా గాలి తగిలితే నాలుగైదు నెలలు, ఒక వైపును బీరువానో టైల్సో మూసి ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. వరద వచ్చిన ఇంట్లో మొదట చేయవలసిన పని స్కర్టింగు టైల్స్, ఉబ్బిన ప్లాస్టరు, గోడకు బిగించిన ప్లైవుడ్ విప్పి ఫ్యాన్లు పెట్టడం. కొత్త ప్లాస్టరు వేసే ముందు పైన చెప్పిన పాలిథీన్ ముక్కతో ప్రతి గోడను పరీక్షించి, గోడ వైపు తడి కనిపించిన చోట మరో నెల ఆగి మళ్లీ అంటించి చూడండి.